రెండు గీతల మధ్య ఊపిరి

ఊదడం వచ్చినవాడికి ఊదకుండా ఉండడం రాదు. బుడగ మేస్త్రి కొంప ముంచింది అదేనని ఆయన భార్య ఇప్పటికీ అంటుంది. అన్న మరుక్షణమే నాలుక కరుచుకుని, "ఆయనదేం తప్పులెండి, ముంచినవాళ్ళు వేరే ఉన్నారు" అని సర్దుకుంటుంది. నన్నడిగితే రెండు మాటలూ నిజమే.

మేస్త్రి పని గాజు ఊదడం. ప్రయోగశాలల్లో వాడే గాజుసామాను: పొడుగు మెడ సీసాలు, గుండ్రటి కుప్పెలు, లోపల మెలికలు తిరిగి ఉండే పాము గొట్టాలు. ఏ రోగానికో మందు కనిపెట్టాలని తెల్లకోటువాళ్ళు ఎక్కడ ఏ ద్రావకం కాచినా, అది కాగేది ఇలాంటి కార్ఖానాలో ఎవడో ఒకడు ఊదిన సీసాలోనే. కాచినవాళ్ళ పేర్లు పుస్తకాల్లోకి ఎక్కుతాయి. ఊదినవాడి పేరు పక్క బల్లవాడికి కూడా సరిగ్గా తెలియదు, అందరూ ముద్దుపేరుతోనే పిలుస్తారు.

కార్ఖానా ఓ ఇరుకు సందు చివర, రేకుల కప్పు కింద. లోపల వరసగా బల్లలు, బల్ల బల్లకీ బుస్సుమనే ఓ మంట. మేస్త్రి నల్లద్దాలు పెట్టుకుని, గాజు గొట్టాన్ని రెండు చేతులతో మంటలో ఒకే వేగంతో తిప్పుతూ, దాని కొసకు తగిలించిన సన్నటి రబ్బరు గొట్టాన్ని పళ్ళ మధ్య పట్టుకుని ఊదేవాడు. గాజు పాకంలా సాగే క్షణం ఒకటి ఉంటుంది. అప్పుడే ఊదాలి, ఒక్క ఊపిరిలో ఊదాలి. ఎక్కువైతే ఉబ్బి పగులుతుంది, తక్కువైతే ముడుచుకుని కూలిపోతుంది. పనిలో చేరిన మొదటిరోజు, నిమ్మకాయంత ఊదరా అంటే ఈయన గుమ్మడికాయంత ఊదాడట. ఉల్లిపొరలా పల్చబడ్డ ఆ బుడగ యజమాని బట్టతల పక్కనే ఠప్పున పేలింది. యజమాని తిట్టబోయి నవ్వేశాడు. "వీడి ఛాతీలో ఉన్నవి ఊపిరితిత్తులు కాదురా, కొలిమితిత్తులు!" అన్నాడు. ఆ రోజు నుంచి బుడగ అయ్యాడు. తల నెరిశాక బుడగ మేస్త్రి అయ్యాడు.

ఆయన భార్యది అదే కార్ఖానాలో వెనక గది. చల్లారిన సామాను పరీక్షగా చూసి, చెక్కపొట్టులో పొదిగి, పెట్టెలకు ఎక్కించే పని. మేస్త్రి అందరికీ అన్న కాబట్టి ఈవిడ అందరికీ వదిన. మనమూ వదిన అనే అందాం. పిల్లలు కలగలేదు. ఆ ఊసు ఎవరైనా ఎత్తితే మేస్త్రి, "ఇంటినిండా గాజు. పిల్లలుంటే ఒక్కటన్నా నిలుస్తుందా?" అని కొట్టిపారేసేవాడు. వదిన మాత్రం నవ్వేది కాదు.

జీతంలోంచి బీమా కోత ఏళ్ళ తరబడి పడుతూనే ఉంది. వాడుకున్నది మాత్రం ఎన్నడూ లేదు. "బీమావాడికి మనం పెద్దన్నలమే. నెలనెలా జేబు ఖర్చు పంపిస్తాం. కుర్రాడు బుద్ధిమంతుడైతే మన ముసలితనంలో చూసుకుంటాడు" అనేవాడు మేస్త్రి.

జబ్బు సంగతి డాక్టర్ల కంటే ముందు వదినకే తెలిసింది. ఓ రోజు పొట్టులో పెట్టబోతున్న కుప్పె మెడ మీద గోరుతో రాస్తే సన్నటి అంచు తగిలింది. ఊదుతున్న ఊపిరి మధ్యలో తెగి, మళ్ళీ అందుకుంటే పడే మచ్చ అది. కొత్తగా చేరినవాళ్ళ సామానులో రోజూ కనిపించేదే. కానీ ఇది మేస్త్రి ఊదిన కుప్పె. వదిన ఎవరికీ చెప్పకుండా దాన్ని పెట్టెలో పెట్టేసింది. ఆ వారంలోనే అలాంటివి ఇంకొన్ని వచ్చాయి. తర్వాత పొడి దగ్గు వచ్చింది. ఆ తర్వాత మెట్ల మీద ఆగి, గోడకు చెయ్యి ఆనించి, "ఇక్కడ సున్నం రాలుతోంది చూశావా" అంటూ గోడను చూస్తున్నట్టు నటించడం వచ్చింది.

పెద్దాసుపత్రిలో ఛాతీ ఫోటోలు తీసి చెప్పారు. ఊపిరితిత్తులు ఎండిన స్పాంజిలా గట్టిపడుతున్నాయి. ఎందుకో తెలియదు. వెనక్కి తిరిగేది కాదు. అయితే ఓ కొత్త మందు ఉంది. గట్టిపడడాన్ని ఆపలేదు కానీ నెమ్మదింపజేస్తుందని ఆశ. దాని మీద ఇక్కడే పరిశోధన జరుగుతోంది, చేరితే మందు ఉచితం. సగంమందికి అసలు గోలీలు, సగంమందికి ఉత్తుత్తి గోలీలు. ఎవరికి ఏది పడిందో చివరిదాకా ఎవరికీ తెలియదు.

"నా అదృష్టానికి పిండిగోలీయే పడుతుంది" అన్నాడు మేస్త్రి. అయినా చేరాడు. చేరక ఏం చేస్తాడు, ఇంకో దారి లేదు కదా.

పరిశోధన పనులన్నీ చూసేది ఓ నర్సు. వదిన కంటే చాలా చిన్నది, నవ్వుమొహం. మొదటిరోజే "అక్కా" అని వరస కలిపేసింది. ఆమె పెట్టే పరీక్ష ఒకటే: ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం నోట్లో పెట్టి, గుండెల నిండా పీల్చిన గాలిని ఒక్కసారిగా, చివరి బొట్టు దాకా ఊదెయ్యాలి. ఎంత ఊదారో తెర మీద గీత పైకి పాకుతూ చూపిస్తుంది. రోగి ఊదుతున్నంతసేపూ పక్కనుంచి "ఊదండి ఊదండి ఊదండి!" అని అరవాలి. ఆ పిల్ల ఆ అరుపు అరిస్తే మంచంలో ఉన్నవాడికి కూడా లేచి ఊదాలనిపిస్తుంది.

మొదటిసారి మేస్త్రి తప్పాడు. గాజు ఊదినట్టు మెల్లగా, నిదానంగా ఊదాడు. ఆ యంత్రానికి అది నచ్చదు, దానికి ఒక్కసారిగా తన్నాలి. గీత మధ్యలోనే ఆగిపోయింది. పరిశోధనలో చేర్చుకోవడానికి సరిపోయేంత జబ్బు ఉందన్నారు. కానీ రెండోసారికల్లా ఆయన గొట్టం మర్మం పట్టేశాడు. మిగతా రోగులు సగం ఊది, దగ్గొచ్చి ఆపేసేవారు. ఈయన దగ్గును గొంతులోనే తొక్కిపెట్టి, అడుగున మిగిలిన గాలిని కూడా పిండి బయటికి తోసేవాడు. ఊది ఊది గట్టిపడ్డ పొట్టకండలు, ఊపిరిని కొసదాకా లాగే అలవాటు. యంత్రం కొలిచింది ఊపిరితిత్తుల్ని కాదు, ఓ జీవితకాలపు పనితనాన్ని. ఆ సంగతి యంత్రానికేం తెలుసు?

"ఎందుకండీ అంత ప్రాణం పెట్టి ఊదడం? ఉన్నంతే ఊదండి" అంది వదిన, ఓసారి ఆయన ఊదాక మొహం నల్లబడి బెంచీ పట్టుకుని కూర్చుంటే.

"నీకు తెలీదే. ఈ పరీక్ష నాకు కాదు, మందుకి. మనం గట్టిగా ఊదితేనే మందు పాసవుతుంది. రేపు ఎంతమంది బతుకుతారో!"

"మీరు నిజం ఊదండి చాలు."

"ఊదడంలో అబద్ధం ఏముంటుంది? గాలి అంటే గాలే."

పరీక్షకు ముందురోజు నుంచే మాటలు తగ్గించేవాడు, ఊపిరి ఖర్చవుతుందని. ఊదాక కళ్ళ ముందు చీకట్లు కమ్ముతున్నా, నర్సు ఎలా ఉందని అడిగితే "భేషుగ్గా ఉంది తల్లీ" అనేవాడు. ఆ పిల్ల మొహం వాడిపోతే ఆయన చూడలేడు. ఆమె మిగతావాళ్ళతో, "మేస్త్రి గారిని చూసి నేర్చుకోండి" అనేది. అది విన్న రోజు ఇంటికి నడిచి వస్తాననేవాడు. వదిన చెయ్యి పట్టుకుని బస్సెక్కించేది.

అయితే మందు కూడా పనిచేసింది. అందులో అబద్ధం లేదు. మెట్ల దగ్గర సున్నం చూడడం మానేశాడు. కార్ఖానాకు మళ్ళీ వచ్చి చిన్నాచితకా గొట్టాలు అతికేవాడు. రెండేళ్ళకు పైగా అలా గడిచాయి. వదినకు ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే వేరే ఎవరో బతికిన రోజుల్లా ఉంటాయి.

ఓ ఉదయం ఆసుపత్రికి వెళ్ళేసరికి అక్కడ సందడిగా ఉంది. మందు గెలిచిందట. అనుమతి వచ్చేసిందట. అందరికీ స్వీట్లు పంచుతున్నారు. నర్సు పరుగెత్తుకొచ్చి మేస్త్రి చేతులు పట్టుకుంది.

"మీకు పడింది అసలు మందే మేస్త్రి గారూ! పిండిగోలీ కాదు!"

"చూశావా, నేను ఊదబట్టే పాసయింది" అని మేస్త్రి వదిన వైపు తిరిగి మీసం దువ్వాడు. వదిన కూడా ఆ రోజు నిజంగానే సంతోషించింది. స్వీటు సగం నోట్లో ఉండగా అడిగింది.

"మరి ఈ నెల గోలీలు ఎప్పుడిస్తావు చెల్లెమ్మా?"

నర్సు నవ్వు అలాగే ఉండిపోయింది కానీ కళ్ళు కిందికి దిగాయి. "ఇక్కడ ఇక ఇవ్వరక్కా. పరిశోధన అయిపోయిందిగా. ఇక షాపులోకే వస్తుంది. మీకు బీమా ఉందన్నారుగా, ఏం ఫర్వాలేదు."

"ఆ బీరువా నిండా ఉన్నాయిగా డబ్బాలు."

"అవి కంపెనీకి తిప్పి పంపాలక్కా. లెక్క చూసుకుని కాల్చేస్తారు."

"కాల్చేదేదో మా ఇంటి వైపు పారేస్తే ఏరుకుంటాం కదమ్మా!"

నర్సు బీరువా తలుపు దగ్గరికి వేసింది. ఆమె చేతుల్లో ఏమీ లేదని వదినకూ తెలుసు. ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నారు. తగలేస్తున్న చెయ్యి మాత్రం ఈ పిల్లది.

మందుల షాపులో ధర విని వదిన, ఏడాదికి చెప్పాడేమో అనుకుని మళ్ళీ అడిగింది. నెలకేనట. మొగుడూ పెళ్ళాల ఏడాది జీతం కలిపి పోసినా రెండు నెలల గోలీలు రావు.

"ఎందుకు బాబూ అంత?"

"కనిపెట్టడానికి కోట్లు పోశారమ్మా. ఆ పరిశోధన ఖర్చు రాబట్టుకోవద్దా?" అన్నాడు షాపువాడు.

"ఆ పరిశోధనలో మా ఆయన కూడా ఉన్నాడు."

"అయితే మీకే తెలిసుంటుంది, ఎంత ఖర్చయిందో" అన్నాడతను, వెక్కిరింపుగా కాదు, మామూలుగానే. వదిన గడప దిగి రోడ్డు మీద నిలబడి, ఎంత ఖర్చయిందో తనకు నిజంగానే తెలుసనుకుంది.

ఇక బీమా ఆఫీసు. చల్లటి హాలు, అద్దం వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఓ గుమాస్తా. మర్యాదగానే మాట్లాడింది. మందు బీమాలో ఉందన్నది వినగానే వదినకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ మాట వెనక ఇంకో మాట ఉంది.

"ఊదే పరీక్షలో రెండు గీతలు ఉంటాయమ్మా. పై గీత దాటి ఊదితే జబ్బు ఇంకా ముదరలేదని అర్థం, అప్పుడివ్వం. కింది గీతను అందుకోలేకపోతే బాగా ముదిరిందని అర్థం, అప్పుడూ ఇవ్వం. రెంటి మధ్యా ఉంటేనే ఇస్తాం."

"అదేం లెక్క తల్లీ? తక్కువ జబ్బుకీ ఇవ్వరు, ఎక్కువ జబ్బుకీ ఇవ్వరా?"

"పరిశోధన ఆ రెండు గీతల మధ్య ఉన్నవాళ్ళ మీదే చేశారు. బయటివాళ్ళకు పనిచేస్తుందని రుజువు లేదు. ఇంత ఖరీదు మందు రుజువు లేకుండా ఎలా ఇస్తాం?"

"ఆ రుజువే మా ఆయనమ్మా! ఆయన మీదేగా చేశారు!"

గుమాస్తా తెర వైపు చూసింది. "నిజమే. చేరినప్పుడు మధ్యలోనే ఉన్నారు. కానీ చివరిసారి ఊదింది చూడండి, పై గీత దాటిపోయారు. చాలా బాగా ఊదారు." ఆగి, గొంతు తగ్గించింది. "కొత్తగా మా డాక్టరు దగ్గర ఊదించుకోవచ్చు. దాన్ని బట్టి నిర్ణయిస్తారు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా కాదనలేదు, గీత ఒకటి గీసి దాని మీద నిలబడమన్నాడంతే.

ఆ వారమంతా ఇంట్లో జరిగింది తలుచుకుంటే వదినకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. మొగుడికి పాడుగా ఊదడం నేర్పింది! గ్లాసులో నీళ్ళు పోసి, గొట్టం పెట్టి, ఊదమనేది. బుడగలు ఎక్కువ వస్తే తొడ మీద ఒక్కటి చరిచేది.

"మెల్లగా అంటే వినపడదా?"

"ఇంకెంత మెల్లగా? చచ్చినవాడు ఊదినట్టు ఊదమంటావా?"

"చచ్చినవాళ్ళు కాకూడదనే చెప్పేది!"

మేస్త్రి మళ్ళీ ఊదాడు. అసలు బుడగలే రాలేదు. ఆ వయసులో, ఆ చేతులతో, పని చెడగొట్టడం నేర్చుకుంటున్నాడు. అది ఆయనకు జబ్బు కంటే పెద్ద అవమానంగా ఉందని వదినకు కనబడుతూనే ఉంది. కనబడినా కనికరించలేదు. అవమానంతో ఎవరూ పోరు, ఊపిరాడకే పోతారు.

బీమా డాక్టరు గదిలో యంత్రం కొత్తది. ఊదింది సరిగ్గా లేకపోతే ఎర్ర దీపం వెలుగుతుంది. మేస్త్రి మొదటిసారి నేర్చుకున్నట్టే ఊదాడు. ఎర్ర దీపం.

"సరిగ్గా ఊదలేదు. మళ్ళీ" అన్నాడు డాక్టరు. కుర్రవాడే, రోజంతా ఇదే పనిలో ఉన్నవాడి విసుగు మొహంలో ఉంది.

రెండోసారీ ఎర్ర దీపమే. "చూడండి, ఇలా చేస్తే రోగి సహకరించలేదని రాసి పంపాలి. కేసు మూసేస్తారు. ఇంక మీ ఇష్టం."

వదిన గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అడకత్తెరలో పోకచెక్క అనే మాట ఆవిడ వేలసార్లు అని ఉంటుంది, చూడడం మాత్రం అదే మొదటిసారి. మేస్త్రి ఆమె వైపు చూశాడు.

మూడోసారి. డాక్టరు లేచి నిలబడి, చప్పట్లు చరుస్తూ అరిచాడు. "ఊదండి ఊదండి ఊదండి!"

వదిన చూస్తూ ఉండగానే ఆయన భుజాలు దిగాయి. మంట ముందు కూర్చుని, గాజు పాకానికొచ్చిన క్షణంలో దిగినట్టే దిగాయి. దవడ బిగిసింది. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. "ఏవండీ" అందామనుకుంది కానీ అప్పటికే ఊదేస్తున్నాడు. గీత పాకింది, పాకింది, పై గీతను తాకి, వెంట్రుకవాసి దాటి, ఆగింది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"భలే ఊదారే పెద్దాయనా! ఈ జబ్బుతో ఇలా ఊదినవాళ్ళను నేను చూడలేదు" అన్నాడు డాక్టరు, మనస్ఫూర్తిగా.

మేస్త్రి నవ్వాడు. ఊపిరి అందక కుర్చీ పట్టుకుని, చెమటలు కారుతూ, మెచ్చుకున్నందుకు నవ్వాడు. ఆ నవ్వును వదిన ఎన్ని జన్మలకీ మరిచిపోలేదు.

బయటికొచ్చాక ఆమె ముందు నడిచింది. ఆయన వెనక ఆగి ఆగి వచ్చాడు.

"ఆ గొట్టం నోట్లో పెట్టుకుంటే నా మాట నేనే వినలేదే" అన్నాడు.

"మెడలో పతకం వేస్తారేమో అడగండి వెళ్ళి!" అంది. అన్నాక కూడా కోపం తీరలేదు. ఆ కోపం ఆయన మీద కాదు. కానీ ఎవరి మీదో వాళ్ళు చేతికి అందరు కదా, అందినవాడు ఈయనే.

మళ్ళీ పరీక్షకు ఆరు నెలలు ఆగాలట, అదో నియమం. ఆ ఆరు నెలల్లో కార్ఖానావాళ్ళు తలా కొంత వేసుకుని ఓ నెల మందు కొనిచ్చారు. మేస్త్రి ఆ గోలీలను రోజు విడిచి రోజు వేసుకుని సాగదీశాడు. అవి అయిపోయాక గట్టిపడే రోగానికి పట్టపగ్గాలు లేకపోయాయి. మొదట మెట్లు పోయాయి. తర్వాత వీధి పోయింది. ఆ తర్వాత పెరటి గుమ్మం కూడా దూరమైపోయింది. వదిన పొద్దున అన్నీ చేతికందేలా మంచం చుట్టూ పెట్టి పనికి వెళ్ళేది. సాయంత్రం వచ్చేసరికి అన్నీ అక్కడే, అలాగే ఉండేవి.

అయినా ఆవిడ ఓ ఆశ పెట్టుకుంది. సిగ్గుపడుతూ పెట్టుకుంది. మొగుడికి జబ్బు ముదురుతుంటే, ఇప్పుడు తప్పకుండా పై గీత దిగి ఉంటాడని లోలోపల లెక్క వేసుకుంది. కట్టుకున్నవాడు క్షీణిస్తుంటే తృప్తిపడే గతి పగవాళ్ళకు కూడా రాకూడదు.

రెండో పరీక్షకు చక్రాల కుర్చీలో తీసుకెళ్ళింది. అదే గది, అదే డాక్టరు. గొట్టం నోట్లో పెట్టబోతుంటే వదిన యథాలాపంగా అడిగింది.

"ఈసారి పై గీత దాటరులెండి, కదా బాబూ?"

డాక్టరు మేస్త్రి పెదాల రంగు చూశాడు. "అది కాదమ్మా. కింది గీత అందుకోవాలి."

వదిన ఇంతకాలం ఒక గీతనే చూస్తూ రెండోదాన్ని మరిచిపోయింది. వంగి ఆయన చెవిలో, "ఈసారి గట్టిగా ఊదండి. మీకొచ్చినట్టే ఊదండి" అంది. మేస్త్రి తలాడించాడు. ఆ తలాడింపులో ఏదో నెమ్మది ఉంది. ఇన్నాళ్ళకు సరైన పని చెప్పావన్నట్టు.

భుజాలు దిగాయి. దవడ బిగిసింది. "ఊదండి ఊదండి!" అని డాక్టరు మొదలుపెట్టాడు. అంతకంటే గట్టిగా వదిన అరిచింది. "ఊదండి! ఏవండీ, ఊదండి! ఇంకా, ఇంకా, ఆపకండి!" పక్క గదుల్లోంచి మనుషులు తొంగిచూశారు. ఆయన పొట్టకండలు ఒక్కొక్కటీ పట్టేశాయి, మెడ నరాలు తేలాయి, తనకు తెలిసిన పనితనమంతా ఆ గొట్టంలో పోశాడు. గీత కొంచెం పాకింది. ఇంకొంచెం పాకింది. కింది గీతకు కాస్త ఇవతల ఆగిపోయింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. ప్రయత్నంలో ఏ లోపమూ లేదని దాని అర్థం.

డాక్టరు తెర వైపే చూస్తూ, "అయ్యో. కాస్త ముందు రావాల్సిందమ్మా" అన్నాడు.

"వచ్చాం బాబూ. ఇదే గదికి వచ్చాం. భలే ఊదారని మీరే మెచ్చుకున్నారు."

అతనికి గుర్తులేదు. వెనక్కి వెళ్ళి పాత పరీక్ష తీసి చూశాడు. చూశాక మొహం మారింది. చెడ్డవాడు కాదు. "గీతలు నేను పెట్టినవి కావమ్మా" అన్నాడు చివరికి. అదే మాట ఇంకోలా గుమాస్తా అంది, నర్సు అంది, షాపువాడు అన్నాడు. ఆ గీతలు పెట్టినవాణ్ణి వదిన ఇంతవరకూ చూడలేదు.

ఆ తర్వాత మేస్త్రి ఎక్కువ కాలం లేడు. మగతలో ఉన్నప్పుడు రెండు చేతులూ దుప్పటి మీద మెల్లగా తిరిగేవి, గాజు గొట్టాన్ని మంటలో తిప్పినట్టు, ఒకే వేగంతో. ఓసారి తెలివొచ్చి, మాట మాటకీ ఆగుతూ అన్నాడు.

"ఆ రోజు... నువ్వు చెప్పినట్టు... ఊదుంటే..."

"ఊరుకోండి. పాడుగా ఊదడం మీవల్ల అయ్యే పనేనా?" అంది వదిన. ఆయన పెదవి కొసన నవ్వు లాంటిదేదో కదిలింది. ఆమె ఆయన చెయ్యి నిమురుతూ కూర్చుంది. నేర్పినందుకు తనను క్షమించమని అడుగుదామనుకుంది, నోరు రాలేదు.

ఆయన పోయిన వారం కార్ఖానాలో ఆయన బల్ల మీద మంట వెలిగించలేదు. మరుసటి వారం వెలిగించారు. ఆర్డర్లు ఆగవు కదా.

కొన్ని నెలల తర్వాత, వదిన వెనక గదిలో కుప్పెలకు పొట్టు సర్దుతుండగా ఫోను మోగింది. నర్సు గొంతు. మొదట్లో ఎంత హుషారుగా ఉండేదో అలాగే ఉంది.

"అక్కా, ఎలా ఉన్నారు? పరిశోధనలో ఉన్నవాళ్ళందరి బాగోగులు కనుక్కోవాలి, ఐదేళ్ళదాకా. మా మేస్త్రి గారు ఎలా ఉన్నారు? ఇంకా అలాగే ఊదుతున్నారా?"

"పోయారు చెల్లెమ్మా."

అవతల ఊపిరి ఆగినట్టయింది. తర్వాత ఏడుపు. వదిన ఊరుకోబెట్టలేదు, తనూ ఏడవలేదు, ఆ పిల్ల తేరుకునేదాకా కుప్పె ఒళ్ళో పెట్టుకుని ఆగింది. చివరికి నర్సు ముక్కు చీది, గొంతు సరిచేసుకుంది.

"క్షమించక్కా. అడక్క తప్పదు. ఒక్క ప్రశ్న మాత్రం... ఆయన మందు ఎప్పుడు ఆపేశారని రాయను?"

"ఆపింది ఆయన కాదమ్మా."

"తెలుసక్కా. కానీ ఇక్కడ ఓ తేదీ వెయ్యాలి."

వదిన ఒళ్ళోని కుప్పెను ఒకసారి తిప్పింది. ఆవిడ తేదీలు గుర్తుపెట్టుకునే మనిషి కాదు. కానీ ఆ రోజు గుర్తుంది. నోట్లో సగం స్వీటు, మీసం దువ్వుతున్న మొగుడు, ఈ పిల్ల నవ్వు.

"మీ మందు పాసైన రోజున ఆగిపోయింది. అదే రాసుకో" అంది.

వదిన ఫోను బల్ల మీద పెట్టి, కుప్పె మెడ చుట్టూ గోరుతో ఒకసారి రాసి చూసుకుని, దాన్ని పొట్టులో పొదిగింది.